తెల్లని ద్రాక్షాసవము - మిరపసీమ విస్తరి



ఒక దేశపు పానీయమును మరియొక దేశపు విస్తరి ముందర ఉంచినచో ఏమి జరుగును? నేటి మా ప్రసంగమునకు విషయ మిది. ఫ్రాన్సు దేశమున తెల్లద్రాక్షతో చేయు పలుచని, పుల్లని, తాజాదనము వీడని వైనులు కలవు. వానిలో ఒకదానిని తీసికొని, అది ఏ భోజనముతో కుదురునో, ఏల కుదురునో మొదట విచారింతము. పిమ్మట ఆ సీసాను గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తి మిరప నేలలకు తెచ్చి, మన గోంగూర, మన కొరివికారము, మన చేపల పులుసుల నడుమ నిలిపి చూతము. మద్యమును మెచ్చుటకు గాని, త్రాగుమని చెప్పుటకు గాని మేమీ మాటలు చెప్పుట లేదు. నాలుక ఎట్లు పనిచేయునో తెలిసికొన్నచో, ఏ పానీయము ఏ అన్నమునకు తోడో మనకే బోధపడును. ఆ తెలివి వలన మన యింటి పానీయ మొకదాని విలువ కూడ తెలియగలదని మా తలంపు.

ఈ ప్రశ్న మనకేల అని కొందరు అడుగవచ్చును. ఈ సీమనుండి చదువులకు, ఉద్యోగములకు సముద్రములు దాటిన బిడ్డలు లేని ఊరు నేడు అరుదు. సెలవులలో ఇంటికి వచ్చు కుమారుడో, అల్లుడో పెట్టె విప్పి పొడుగుపాటి సీసా యొకటి బల్లపై ఉంచును. దానిని చూచి ఇంటి పెద్దలు కొందరు నొచ్చుకొందురు. మరికొందరు దానికి తోడుగా ఏమి వండిపెట్టవలెనో తెలియక తికమకపడుదురు. అంతకంటె గట్టి చిక్కు వేరొకటి కలదు. వైనుతో భుజించుట నాగరకత యనియు, మజ్జిగ పల్లెటూరివారి పాన మనియు ఒక తలంపు మన విందులలో మెల్లమెల్లగా చేరుచున్నది. అందులో నిజమెంతయో తేల్చుకొనుట మేలు.

ద్రాక్షాసవము ఈ నేల బొత్తిగా ఎరుగని వస్తువు కాదు. పల్నాటి సీమలోని నాగార్జునకొండ త్రవ్వకములలో, క్రీ. శ. 3వ శతాబ్ది నాటి ఇక్ష్వాకుల కాలపు శిల్పములలో, కొమ్ముపాత్ర చేతబట్టి, ప్రక్కన పీపా ఉంచుకొని నిలిచిన పురుషమూర్తి యొకటి లభించినది. గ్రీకుల మద్యదేవత యైన డయోనిసస్ రూపమును ఆ మూర్తియందు పండితులు గుర్తించిరి. ఆ కాలమున రోము సామ్రాజ్యముతో మన తీరమునకు వ్యాపార ముండెను. ఆపిమ్మట పదునైదు శతాబ్దులకు, 1750 దశకమున, కొండవీటి సీమ కొంతకాలము ఫ్రెంచివారి చేతిలో నుండెను. వారు తమ పాలనకేంద్రమును కొండవీటి నుండి గుంటూరునకు మార్చిరి. 1788లో ఈ సీమ ఇంగ్లీషు కంపెనీకి వశమైనది. కనుక ఫ్రెంచి సీసా గుంటూరులో బల్లపై నిలుచుట ఇదియే మొదలు కాకపోవచ్చును.

ఇక ఆ సీసాలోని వస్తువును చూతము. ఫ్రాన్సునకు పడమట ల్వార్ అను నది అట్లాంటిక్ మహాసముద్రమున కలియును. ఆ సంగమమునకు చేరువనున్న నగరము నాంత్. దాని చుట్టుపట్ల "మెలన్ ద బుర్గోన్" అను తెల్లద్రాక్షను పెంచి, "ముస్కదే" అను వైనును చేయుదురు. 1709 నాటి శీతకాలము ఆ ప్రాంతపు తోటలను మంచుతో మాడ్చివేసెను. చలికి తట్టుకొను ఈ తీగనే అటుపిమ్మట రైతులు విరివిగా నాటిరి. 1930 దశకమున ముస్కదే పేరునకు ఫ్రెంచి చట్టము రక్షణ కల్పించినది. మన గుంటూరు సన్నమిరపకు నేడున్న భౌగోళిక గుర్తింపు వంటిదే అదియు. ఆ హద్దులలో పండి, ఆ పద్ధతిలో తయారైన వైనునకే ఆ పేరు చెల్లును.

ముస్కదే చాయ మిక్కిలి పలుచన. ఎండుగడ్డి నానిన నీటి రంగు దానిది. అందు ఆల్కహాలు నూటికి సుమారు 12 పాళ్ళు. తీపి లేదు. నిమ్మచెక్కను, పచ్చి ఆపిలుపండును జ్ఞప్తికి తెచ్చు పులుపు, తుదకు నాలుకపై రవంత ఉప్పదనము, ఇవి దాని గుణములు. అందు మేలిరకమును "సుర్ లీ" అందురు. మడ్డిపై ఉంచినది అని ఆ మాటకు అర్థము. ద్రాక్షరసమును పులియజేసిన ఈస్టు తన పని ముగించి అడుగున మడ్డిగా దిగును. సాధారణముగా వైనును తేర్చి ఆ మడ్డి నుండి వేరుచేయుదురు. ఈ రకమును మాత్రము శీతకాలమంతయు మడ్డిమీదనే కదపక ఉంచి, వసంతము వచ్చిన పిమ్మట సీసాలలో నింపుదురు. అందువలన తాజాదనము నిలుచును. పులియునపుడు పుట్టిన వాయువు కొంచెము మిగిలి నాలుకను చిమచిమలాడించును. రుచికి ఒక నిండుదనము వచ్చును. తరవాణి కుండలో పాతనీటిని కొంత మిగిల్చి క్రొత్త గంజి పోసిన మన అవ్వలకు, పులిసినదాని అడుగు వ్యర్థము కాదను సంగతి క్రొత్తది కాదు.

ఈ వైనుతో నాంత్ ప్రజలు ఏమి భుజింతురు? మొట్టమొదట చెప్పవలసినది ఆలిచిప్పలలోని మాంసము. చిప్పను విప్పి, పచ్చిగానే, సముద్రపు ఉప్పునీటితో సహా నోటబెట్టుకొందురు. తరువాత ఆవిరిపై ఉడికించిన సముద్రపు గుల్లలు, రొయ్యలు, ఉప్పునీటి చేపలు. ల్వార్ నదిలోని చేపలకు వారు "బేర్ బ్లాన్" అను తెల్లని చిక్కని వెన్నపులుసు చేయుదురు. సన్నగా తరిగిన చిన్న ఉల్లిని వెనిగరులో గాని, తెల్లవైనులో గాని మరిగించి, అందు వెన్నను కొంచెము కొంచెముగా కలుపుటయే దాని పద్ధతి.

ఈ కూర్పునకు కారణములు మూడు. మొదటిది, ఆహారములోని ఉప్పు వైనులోని పులుపును మెత్తపరచును. ఉప్పు చేర్చిన మామిడిముక్క ఎట్లు కమ్మనగునో చిన్నపిల్లలకు కూడ తెలియును. రెండవది, వెన్నయు చేపకొవ్వును నాలుకపై పొరగట్టినపుడు, పులుపు లాలాజలమును ఊరించి ఆ పొరను తొలగించును. మనము వేచిన చేపముక్కపై నిమ్మకాయ పిండుట ఇందుకే. వారు ఆ నిమ్మరసమును గ్లాసులో పోసికొని త్రాగుచున్నారని అనుకొన్నను తప్పులేదు. మూడవది సమబలము. ఆలిచిప్ప రుచి సుకుమారమైనది. గట్టి వైను దానిని ముంచివేయును. పలుచని ముస్కదే దాని ప్రక్కన అణకువతో నిలుచును.

ఈ మూడింటికి తోడు రెండు హెచ్చరికలు గుర్తుంచుకొనవలెను. ఆహారము వైనుకంటె పుల్లనిదైనచో, వైను చప్పబడును. ఆహారము వైనుకంటె తీయనిదైనచో, వైను మరింత పుల్లగా, కటువుగా తోచును. మామిడిపండు తిన్న వెంటనే మజ్జిగ త్రాగి చూచినవారికి ఇది అనుభవమే.

ఈ సూత్రములను వెంటబెట్టుకొని మన నల్లరేగడి నేలకు వత్తము. ఇచట నాలుకకు అధిపతి మిరప. అయినను ఆ అధిపతి ఇటీవలివాడే. మిరప అమెరికా ఖండపు పంట. 16వ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలతో మన దేశమునకు వచ్చినది. అంతకుముందు మన వంటలకు కారము నిచ్చినది మిరియము. మిరప అను పేరే మిరియమును తలపించుచున్నది. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో వెలిగిన శ్రీనాథ మహాకవి 15వ శతాబ్దిలోనే గతించెను గనుక, నేడు గుంటూరు కారమని లోకము చెప్పుకొను రుచిని ఎరుగడు. నేడు గుంటూరు మిరపయార్డు ఆసియాలోనే మిక్కిలి పెద్దదిగా ప్రసిద్ధి చెందినది. గుంటూరు సన్నమిరప కారమును స్కోవిల్ మానమున 35,000 నుండి 40,000 వరకు లెక్కింతురు. తేజ అను రకము అంతకంటె ఘాటైనది.

కారము నిజమునకు రుచి కాదు, అది నొప్పి. మిరపలోని కాప్సైసిన్ అను పదార్థము, వేడిని పసిగట్టుటకై మన నరములలో నున్న ఒక గ్రాహకమును తట్టిలేపును. ఆ గ్రాహకమును 1997లో డేవిడ్ జూలియస్ బృందము గుర్తించినది. 2021లో ఆయనకు ఆర్డెమ్ పటపూటియన్ తో కలిపి వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతి లభించినది. ఆ గ్రాహకము సుమారు 42 డిగ్రీల సెల్సియస్ వేడికి మేల్కొనునది. కాప్సైసిన్ తగిలినపుడు వేడి లేకున్నను మేల్కొనును. కావుననే కారము తిన్నవాడు "మండుచున్నది" అనును. మన భాష శాస్త్రము చెప్పకముందే ఆ మాటను సరిగా పట్టుకొన్నది. ఇక ఆల్కహాలు చేయు పని వినుడు. ఆ గ్రాహకము మేల్కొను మెట్టును అది 42 నుండి సుమారు 34 డిగ్రీలకు దించునని 2002లో వెలువడిన పరిశోధన తెలిపినది. మన నోటి వేడి అంతకంటె ఎక్కువే. అనగా కారము తిన్న నోటికి వైనుగుక్క అగ్గికి ఆజ్యమగును. కాప్సైసిన్ ఆల్కహాలులో కరుగు మాట నిజమే గాని, నూటికి 12 పాళ్ళ ఆల్కహాలు దానిని కడిగివేయుటకు చాలదు.

ఇప్పుడు విస్తరిలోని పదార్థములను ఒక్కొక్కటిగా చూతము. గోంగూర పచ్చడిలో ఆకు పులుపు, ఎండుమిరప కారము, నూనె మూడును కలవు. ఆ పులుపు ముందర ముస్కదే నీరువలె చప్పబడును. కొరివికారము పండుమిరపకు చింతపండును, ఉప్పును చేర్చి దంచినది. అచట వైను చప్పబడుటయే గాక, మంటను కూడ రేపును. చేపల పులుసులో చేప యున్నది గనుక కుదురునని ఫ్రెంచివాడు భ్రమపడవచ్చును. కాని అందు రాజ్యమేలునది చింతపండే. ఉలవచారు చిక్కదనము, ఆవకాయలోని ఆవఘాటు ఈ సుకుమారపు వైనును పూర్తిగా ముంచివేయును. మన భోజనమున సగమునకు పైగా ఈ వైనునకు శత్రువే. దోషము వైనుది కాదు, విస్తరిది కాదు. అవి ఒకదానికొకటి పుట్టినవి కావు.

అయినను సీసా ఇంటికి వచ్చినది. విప్పవలెనని పెద్దలు సమ్మతించిరి. అప్పుడేమి వండవలెను? మన తీరమే మార్గము చూపును. ఓడరేవు, సూర్యలంక, నిజాంపట్నముల నుండి వచ్చు చందువకు గాని, పండుగొప్పకు గాని, ఉప్పు, పసుపు, చిటికెడు మిరియపుపొడి మాత్రమే పట్టించి, నేతిలో దోరగా వేచవలెను. పీతలను ఉప్పునీట ఉడికించి, వెన్న రాసి వడ్డించవచ్చును. వేటపాలెపు జీడిపప్పును నేతిలో వేచి ఉప్పు చల్లినచో, అంతకుమించిన తోడు లేదు. నానిన పెసరపప్పులో కొబ్బరికోరు, దోసకాయముక్కలు కలిపిన వడపప్పు బాగుండును. పచ్చిమిరప లేక మిరియము వేసిన మినపగారె కుదురును. ముద్దపప్పు, నెయ్యి, అన్నము కూడ కుదురును. ఆవకాయ మాత్రము ఆ ముద్దకు దూరముగా నుండవలెను. ఈ జాబితాను శ్రోతలు గమనింతురు గాక. ఇందలి కారమంతయు మిరియపు కారము. మిరప రాకముందటి తెలుగువంటకు ఈ వైను చేరువ. మిరప వచ్చిన తరువాతి వంటకు దూరము.

వడ్డించు వేడిమిని గూర్చి ఒక మాట. ఈ వైనును 8 నుండి 10 డిగ్రీల చల్లదనమున త్రాగుదురు. మన వేసవిలో ఒక గిన్నెడు మంచుముక్కలలో, నీటిలో అరగంట సేపు సీసాను ముంచి ఉంచవలెను. విప్పిన సీసా, చల్లని పెట్టెలో ఉంచినను రెండు మూడు దినములకంటె తాజాగా నుండదు. ఏండ్లకొలది దాచినచో మెరుగగునను మాట ఎక్కువగా ఎఱ్ఱవైనులకు చెల్లునది. సాధారణపు ముస్కదేను తాజాగా నున్నపుడే త్రాగుట ఆచారము.

కారమునకు కొంత నయముగా నిలుచు వైనులు లేకపోలేదు. ల్వార్ లోయలోనే "షెనిన్ బ్లాంక్" అను మరియొక తెల్లద్రాక్ష కలదు. దానిని నేడు మహారాష్ట్రములోని నాసిక్ ప్రాంతమున మన రైతులు కూడ పండించుచున్నారు. దానితో చేసిన కొంచెము తీపిగల వైను మంటను కొంత అణచును. తీపికి ఆ గుణము కలదు. అయినను ఆల్కహాలు ఆల్కహాలే. గోంగూర ముందర అదియు ఓడును.

మన సీమలోనే తెల్లనిది, తాజాది, చిమచిమలాడునది మరియొకటి కలదు. అది తాటికల్లు. బాపట్ల, చీరాల ఇసుకనేలల తాటిచెట్టు నుండి తెల్లవారుజామున దించిన నీరా తీయన. కుండకు లోపల సున్నము పూసినచో అది పులియక తీయగనే నిలుచును. పూయనిచో, గాలిలోని సూక్ష్మజీవులు దానిని గంటలలో పులియబెట్టును. మధ్యాహ్నమునకు కల్లు, మరునాటికి పుల్లనీరు. ఆల్కహాలు నూటికి 4 నుండి 6 పాళ్ళు. వేచిన చేపతో, ఉడికిన వేరుసెనగతో అది పొసగుటకు కారణము, నాంత్ నగరమున ముస్కదే ఆలిచిప్పతో పొసగుటకు కారణమొక్కటే. ఒక్క దినము దాటి నిలువలేదు గనుక అది ఊరు దాటలేదు, పేరు పొందలేదు.

ఇచట ఒక సంగతి చెప్పక తప్పదు. నాంత్ లో వైను, కుటుంబమంతయు కూర్చుండు బల్లపై అన్నముతో పాటు ఉండును. మన సీమలో మద్యము బహుకాలముగా ఇంటి విస్తరికి దూరముగా, పురుషులు మాత్రమే చేరు చోట త్రాగబడుచున్నది. కూలిడబ్బు ఇంటికి చేరకముందే అచట కరగిపోయెడిది. ఆ బాధనుండియే 1992లో ప్రకాశము జిల్లాకు పొరుగైన నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు లేచిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతయు ప్రాకినది. 1993లో సారా నిషిద్ధమైనది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము అమలునకు వచ్చి, 1997లో తొలగినది. ఫ్రాన్సులో సయితము 1960 ప్రాంతమున తలకు సాలీనా 100 లీటర్లకు మించిన వైను వాడుక, నేడు అందు సగమునకు లోబడినది. ఆరోగ్యమునకు కీడులేని మద్యపు మోతాదు ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. కనుక వైనును నాగరకతకు గుర్తుగా తలచువారు, ఆ నాగరకుల త్రోవ నేడెటు తిరుగుచున్నదో కూడ చూడవలెను.

ఇక మన పానీయమునకు వత్తము. ఫ్రెంచివారు ముద్దకును ముద్దకును నడుమ వైనును చప్పరింతురు. మనము నడుమ నంజుకొందుము. ఈ "నంజుకొనుట" అను మాట మన భోజనకళకు తాళపుచెవి. ముద్దపప్పునకు ఆవకాయ, గోంగూరకు పచ్చిఉల్లిపాయ, పప్పుచారునకు అప్పడము, పెరుగన్నమునకు ఊరమిరపకాయ. ఏది దేనితో కూర్చవలెనో మన యిండ్లలో చెప్పకయే అందరికిని తెలియును. మన జోడింపులు విస్తరిలోనే కలవు. గ్లాసులోని తోడు ఒక్కటే, అది మజ్జిగ.

మజ్జిగ చేయు పనిని ముస్కదే పని ప్రక్కన పెట్టి చూడుడు. అదియు పుల్లనిదే, కాని ద్రాక్ష పులుపునకు బదులు పాలు తోడుకొనునపుడు పుట్టిన పులుపు. నూనె పొరను అదియు తొలగించును. ఉప్పు చేర్చినచో పులుపు మెత్తబడును. ఇంతవరకు రెండును సమానములే. కాని మజ్జిగలో కేసీన్ అను మాంసకృత్తు కలదు. అది కాప్సైసిన్ ను పట్టుకొని నాలుక నుండి తొలగించును. ఈ పని వెన్నవలన మాత్రమే జరుగునని చాలమంది తలంచెదరు. 2019లో ప్రకటితమైన ఒక పరిశోధనలో వెన్న తీసిన పాలు కూడ నిండుపాలవలెనే మంటను తగ్గించినవి. చిలికి వెన్న తీసిన పలుచని చల్ల ఏల అంత హాయినిచ్చునో ఇప్పుడు బోధపడినది. వెన్న పోయినను కేసీన్ నిలిచియున్నది. దీనికి తోడు మట్టికడవ చెమర్చి ఆరునపుడు కలుగు చల్లదనము, వేడికి మేల్కొన్న ఆ గ్రాహకమునకు నేరుగా విరుగుడు. అల్లము, కరివేపాకు, దబ్బాకు చేర్చినచో వాసనలో అది ఏ వైనునకును తీసిపోదు. అన్నిటికంటె మిన్నగా, అవ్వ నుండి మనుమని వరకు ఒకే విస్తరి వరుసలో అందరును దానిని త్రాగవచ్చును.

విందులలో మజ్జిగకు బదులు రంగురంగుల తీపి సోడాలు వచ్చినవి. వానిలోని తీపి మంటను కొంత తగ్గించును గాని, వాయువు నాలుకపై ఆమ్లమై మరల గుచ్చును. వాయువును తీపియును కలిసి కడుపు నింపివేయును. పెరుగన్నము విస్తరిలో మిగిలిపోవును.

ఈ మార్పునకు మరియొక ముఖము కలదు. పూర్వము పాడి గల ఇంట తెల్లవారి కవ్వపు చప్పుడు వినబడెడిది. వెన్న ఇంటిది, నెయ్యి అంగడిది, చల్ల మాత్రము ఊరిది. చెంబుతో వచ్చి అడిగినవారికి చల్ల లేదనుట తప్పని పెద్దలు భావించెడివారు. చల్లకు వెల కట్టుట ఎరుగరు. 1970 దశకము తరువాత పాలసేకరణ కేంద్రములు పల్లెపల్లెకు వచ్చినవి. పాలు పాలుగానే అమ్ముడుపోయి, రైతు స్త్రీ చేతికి వారము వారము డబ్బు వచ్చినది. అది మంచిదే. కాని చిలుకుట తగ్గినపుడు, ఊరికే పంచుటకు చల్ల మిగులలేదు. ఆ లోటు పాడి లేని ఇంటిపై పడినది.

మిరపకోతల కాలమున ఆ లోటు ఎవరికి తగులునో చూడుడు. కర్నూలు జిల్లా పడమటి మండలముల నుండి కుటుంబములు కుటుంబములుగా కూలీలు గుంటూరు, పల్నాటి చేలకు వత్తురు. చేలలో కాయ కోయుట, కళ్ళములలో ఎండబెట్టుట, గుంటూరులో తొడిమలు తీయుట. ఈ పనులలో అధికులు స్త్రీలే. కాయలోని ఘాటు వారి వ్రేళ్ళకు, కండ్లకు, గొంతునకు అంటుకొనును. వారు పగలంతయు ఓర్చుకొను మంటయే మన విస్తరిలో రుచిగా వచ్చి కూర్చున్నది. నీళ్ళు ఆ మంటను తీర్చజాలవు, కాప్సైసిన్ నీటిలో కరగదు. వారికి మధ్యాహ్నమున ఒక చెంబెడు పలుచని మజ్జిగ అందించుట దానమని మేము అనము. అది పనిముట్టువలె పనికి అవసరమైనది. పాడి గల రైతులు కోతల నెలలలో రోజునకు రెండు లీటర్ల పాలను అమ్మక తోడుపెట్టినచో, పలుచన చేసి ఒక పెద్ద కడవెడు మజ్జిగ అగును. వేసవిలో చలివేంద్రములు నడుపు సంఘములు తమ పందిళ్ళను బస్సు నిలుచు చోట్లనే గాక, మిరప కళ్ళముల చెంత కూడ వేయవచ్చును.

ఇంటికి వచ్చిన సీసా మాట ఏమి? దానిని దాచి సిగ్గుపడనక్కరలేదు. దానిని చూచి మన కడవను దాచనక్కరయు లేదు. తెచ్చినవారు, ఇష్టపడిన పెద్దలు భోజనమునకు ముందుగా, వేచిన చందువముక్కతోను, వేటపాలెపు జీడిపప్పుతోను దాని రుచి చూచి, సీసాను తీసివేయవలెను. పిమ్మట విస్తరులు పరచి, గోంగూర, కొరివికారము, పులుసు వడ్డించి, ప్రతి విస్తరికి కుడివైపున ఒక గ్లాసు మజ్జిగ ఉంచవలెను. సీసా తెచ్చిన యువకుడు రెండవసారి దేనిని అడుగునో ఇంటివారు తామే చూతురు.